పరస్కెవి చివరి స్

"అక్కా, అన్న పోయిండు."

ఫోన్లో మొదట వినిపించింది అంతే. మాట్లాడింది దోహాలో, బర్వా అల్ బరాహా కూలీల క్యాంపులో ఆయనతో ఒకే గదిలో ఉన్న మనిషి. జగిత్యాల దవాఖానలో నిన్న పొద్దున పోయాడనీ, తనకేమన్నా అయితే నాకు చెప్పమని ఊరికి వెళ్ళేముందే నా నంబరు ఇచ్చాడనీ అన్నాడు. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. కళ్ళలో నీళ్ళు ముందే ఉన్నాయి కాబట్టి అవి ఆయన కోసం వచ్చాయని చెప్పుకునే ధైర్యం నాకు లేదు. మనసులో మొదట మెదిలిన మాట ఏదో మాత్రం బాగా గుర్తుంది. ఇక ఈ లోకంలో పరస్కెవి అనే పేరును తప్పు లేకుండా పలికే తెలుగు మనిషిని నేనొక్కదాన్నే అనుకున్నాను.

పోయిన మనిషి గురించి అనుకోవలసిన మాట కాదు అది. కాని ఆయన విషయంలో నాకు కుళ్ళు. బతికున్నన్నాళ్ళూ ఉన్న కుళ్ళు పోయాడని తెలిసిన పూటే పోతుందా? ఆయన్ని తలచుకోవడమంటే నాకు నా కుళ్ళును తలచుకోవడమే. రెంటినీ విడదీసి రాయడం నా చేతకాదు.

ఆయన పేరు రాయను. రాసినా ఆ ఇంట్లో వాళ్ళెవరూ గుర్తుపట్టరు. ఉమ్ సలాల్‌లో ఒక గ్రీకు ఇంజనీరు గారి విల్లా అది. ఆయన అక్కడ డ్రైవరు, నేను ఆయాను, వంటమనిషిని. నాకంటే పదేళ్ళు పెద్ద కాబట్టి 'అన్నా' అని పిలిచేదాన్ని. నేనలా పిలవడం మొదటిసారి విన్నప్పుడు ఆ ఇంటి పాప పడీపడీ నవ్వింది. వాళ్ళ భాషలో అన్న అనేది ఆడపిల్లల పేరట. ఇంత మీసమున్న మనిషికి ఆడపిల్ల పేరెందుకు పెట్టారని దానికి వింత. అది పేరు కాదని, వాళ్ళలో పెద్దవాళ్ళను అలా పిలుస్తారని మా మేడం, అంటే పాప వాళ్ళమ్మ, చెప్పి చూసింది. పాప వింటేగా. ఆ రోజు నుంచి సార్‌కూ, మేడంకూ, గేటు దగ్గర వాచ్‌మన్‌కూ కూడా ఆయన అన్నే.

మరి నాకేం పేరు పెట్టిందో చెప్పాలి. గ్రీకులో ఆయాను 'దదా' అంటారు. పాప దాన్ని ముక్కుతో పలికితే 'దందా' అని వినిపించేది. అది పేరు కాదు, పని. ఆడపిల్లదైనా సరే ఆయనకొక పేరు దక్కింది. నాకు నా పనే పేరైంది.

"మంచిగనే వెట్టింది సెల్లె," అన్నాడాయన. "నీది దందా, నాది డ్యూటీ."

నాకు నవ్వు రాలేదు. పాపకు రెండేళ్ళప్పుడు నేను ఆ ఇంటికి వచ్చాను. దానికి స్నానాలు, అన్నాలు, జ్వరాలు అన్నీ నా చేతి మీదే గడిచాయి. ఆయన వచ్చింది ఏడాదిన్నర తర్వాత, దాన్ని స్కూల్లో వేసినప్పుడు. వెనక వచ్చినవాడు ముందు వరసలో కూర్చుంటే ఎలా ఉంటుందో అలా ఉండేది నాకు.

ఇంకో సంగతి ఉంది. నేను తెలుగు పండిత శిక్షణ చదివినదాన్ని. మాది రాజంపేట దగ్గర పల్లె. టీచరు పోస్టుల కోసం ఎదురుచూసి ఎదురుచూసి, మా వీధి ఆడవాళ్ళంతా ఎక్కిన విమానమే చివరికి నేనూ ఎక్కాను. విభక్తులు నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాను. ఆయన ఏడో తరగతిలో బడి మానేసి ట్రాక్టరు, తర్వాత లారీ తోలుకున్న మనిషి. ఆ ఇంట్లో ఒక పేరుకు వ్యాకరణం నేర్చుకోవలసి వస్తే ఎవరు నేర్చుకోవాలి? నేర్చుకున్నది ఆయన.

ఎలాగంటే, కారులో. ఇంటి నుంచి స్కూలుకు నలభై నిమిషాలు. ఇంగ్లీషు స్కూల్లో పడి పాప సొంత భాష మరిచిపోతుందని మేడం గ్రీకు పాఠాలు తన గొంతుతో రికార్డు చేసి కారులో పెట్టించేది. పాప వెనక సీట్లో బద్ధకంగా వల్లించేది. ముందు సీట్లో ఆయన కూడా పెదాలు కదిపేవాడు. అద్దంలో పాప నోరు చూస్తూ నేర్చుకున్నాడు. బడి వదిలేదాకా కారులో కూర్చుని పాప పుస్తకాల్లో అక్షరాలూ పట్టాడు. ఆ అద్దం ఎంత అలవాటైందంటే, కింద నిలబడి మాట్లాడుతున్నప్పుడు కూడా గడ్డం కాస్త లేపి కుడివైపు పైకి చూస్తూ మాట్లాడేవాడు. నేను ఎదురుగా ఉన్నా నన్ను చూసి మాట్లాడినట్టు ఉండేది కాదు. అది నాకు ఒళ్ళు మండే విషయం.

పాప పేరు మొదట్లో మా ఎవరి నోటా తిరగలేదు. నేను 'పరాసుకేవి' అనేదాన్ని. గేటు దగ్గర వాచ్‌మన్ అరబ్బీ మాట్లాడేవాడు. ఆ భాషలో ప లేదు కాబట్టి 'బారాస్కీఫీ' అనేవాడు. పాప బతాకా, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు, దాని మీద అరబ్బీ అక్షరాల్లో ఉన్నదీ అదే. ఆయన ఆ కార్డు చేతిలో పట్టుకుని, "గీ పేరుకు ఈడికి వచ్చెవరకే బొక్కలిరిగినయి సెల్లె," అన్నాడు. నెల తిరక్కుండా ఆయన మాత్రం సరిగ్గా పట్టేశాడు. బరువంతా చివరి అక్షరం మీద వేయాలట. పొలం ఈ గట్టు నుంచి ఆ గట్టు మీది మనిషిని కేకేసినట్టు 'పరస్కెవీ' అని చివర తేల్చాలట. ఆయన అలా అనగానే పాప పుస్తకం పడేసి పరుగెత్తుకొచ్చేది. నేను పిలిస్తే వచ్చేది, రాకుండా ఉండేది కాదు. నడిచి వచ్చేది.

ఆ పేరుకు అర్థం నాకు మేడమే చెప్పింది, వంటింట్లో నిలబడి కాఫీ తాగుతూ. వాళ్ళ భాషలో పరస్కెవి అంటే శుక్రవారం. అంతకు ముందు ఆ మాటకు అర్థం తయారీ. శనివారం పొయ్యి వెలిగించకూడని యూదులు ముందురోజే అన్నీ వండి పెట్టుకునేవాళ్ళు కాబట్టి ఆ ముందురోజు తయారీ రోజైంది. మాటను ఇంకా లోపలికి విప్పితే అందులో సామాను, గిన్నెలు, పాత్రలు ఉన్నాయట. పాప వాళ్ళ నాయనమ్మ పేరు కూడా ఇదే. పెద్ద కొడుక్కి కూతురు పుడితే నాయనమ్మ పేరు పెట్టడం వాళ్ళలోనూ ఉంది. ఈ సంగతులన్నీ నాకు చెప్పింది కాబట్టి నేను గర్వపడ్డాను. గిన్నెలు తోమే నా పేరులో లక్ష్మి ఉంది, లక్ష్మిలా పుట్టిన ఆ పిల్ల పేరులో గిన్నెలున్నాయి అని ఆ సాయంత్రం నాలో నేను నవ్వుకున్నాను కూడా. మర్నాడు ఆయనకు చెప్పి గొప్పలు పోదామనుకున్నాను.

చెప్పాను. ఆయన విని ఊరుకోలేదు. పాప స్కూలు నుంచి దిగగానే దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, వచ్చీరాని గ్రీకు, ఇంగ్లీషు, సైగలు కలిపి చెప్పాడు. "జుమ్మా అంటె నువ్వే. నీ పేరు మీదనే ఖతర్ అంత సుట్టి. ఆఫీసులు బంద్, సైట్లు బంద్, బడి బంద్. అందరు నీ పేరు చెప్పుకోని పండుకుంటరు."

పాప ముఖం చూడాలి అప్పుడు. దేశమంతా తన పేరు మీద సెలవు తీసుకుంటుందని తెలిసిన పిల్ల ముఖం. శుక్రవారం వచ్చిందంటే బాల్కనీలోకి వెళ్ళి ఖాళీ రోడ్డును చూసి తలాడించేది. నేను తెచ్చిన బియ్యంతో ఆయన వండిపెట్టాడు, తిన్నది పాప. ఆ మాట నాకెందుకు తట్టలేదా అని వారం రోజులు నన్ను నేను తిట్టుకున్నాను.

పరస్కెవి అనే పేరుతో వాళ్ళకొక సాధ్వి ఉంది. కళ్ళ జబ్బులు నయం చేస్తుందని నమ్మకం. నాయనమ్మ పంపిన చిన్న వెండి రేకు ఒకటి పాప గదిలో గోడకు ఉండేది, దాని మీద రెండు కళ్ళు. మనవాళ్ళు అమ్మవారికి వెండి కళ్ళు మొక్కుకోరూ, సరిగ్గా అలాంటిదే. ఆయనకు లైసెన్సు రెన్యువల్‌కు కంటి పరీక్ష వచ్చింది. చూపు తగ్గిందని లోపల భయం. వెళ్ళే రోజు పొద్దున కారు దగ్గర పాప ముందు వంగి, "పరస్కెవీ, జెర నా కండ్లు జూడు తల్లీ," అన్నాడు. పాప రెండు అరచేతులూ ఆయన కళ్ళ మీద పెట్టి, ఎక్కడో విన్న ప్రార్థన ఏదో గొణిగింది. ఆయన కదలకుండా అలాగే వంగి ఉన్నాడు, పాప చేతులు తీసేదాకా. నేను వంటింటి కిటికీ లోంచి చూశాను. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఆ అరచేతులకు రోజూ సబ్బు రాసి కడిగేదాన్ని నేను, అవి నా ముఖం మీదికి ఎప్పుడూ అలా రాలేదు.

పరీక్ష పాసై వచ్చాడు. "మాఫీ ముష్కిల్," అన్నాడు. ఏం ఫర్వాలేదని అరబ్బీలో. ఏ కష్టం వచ్చినా, పోయినా ఆయన అనేది ఆ రెండు ముక్కలే.

ఇక వ్యాకరణం. పదింటికి టీ కోసం వంటింటి వెనక గుమ్మం దగ్గరికి వచ్చేవాడు. లోపలికి రమ్మన్నా వచ్చేవాడు కాదు. గుమ్మం అవతలే నిలబడి, గ్లాసును చేతి రుమాలులో చుట్టి పట్టుకుని, గడ్డం లేపి ఏదో ఒకటి చెప్పేవాడు. ఒకరోజు ఇలా మొదలుపెట్టాడు.

"సెల్లె, నువ్వు పంతులమ్మవు గదా. ఒకటి అడుగుత. సార్ పేరు యానిస్ గదా. మేడం పిలిచెటప్పుడు ఇన్నవా? యానీ అంటది. చివర స్ ఏడవాయె?"

"నాకేం తెల్చు నా. ముద్దుకు అంటాదేమో." మా వైపు 'అన్నా'ను ఇలా 'నా' అని కుదించేస్తాం.

"ముద్దు గాదు, అది రూలు. మొగోని పేరు ఉత్తగ ఉన్నప్పుడు చివర స్ ఉంటది. పిలిస్తె ఊడుతది. వాని వస్తువు అని చెప్పినా ఊడుతది. పెండ్లాం పిలిస్తె ఏ మొగోనికైన తోక ఊడవల్సిందే."

నవ్వాపుకుని గిన్నెలు సర్దుకుంటున్నాను. ఆయన వదల్లేదు. చేతిలో పాప నీళ్ళ సీసా ఉంది. దాని మీద మేడం అతికించిన కాగితం చూపించాడు.

"ఆడోళ్ళకు ఉల్టా. ఉత్తగ ఉంటె స్ లేదు, ముంగట ఇ ఒకటి ఉంటది, ఇ పరస్కెవి. పిలిచినా పేరు గంతే, ఏం మారది. గని ఏదన్న ఆమెది అయ్యిందనుకో, అప్పుడు వచ్చి చేరుతది. ఇగో జూడు, చివర గాలం తీర్గ ఉన్నది, గదే స్. తిస్ పరస్కెవీస్. అంటె పరస్కెవిది అని. సీసా ఆమెది, సంచి ఆమెది. ఆమెకు ఏదన్న ఉంటెనే ఆ గాలం."

నేను గిన్నె అక్కడే వదిలేశాను. షష్ఠీ విభక్తి. కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్. ట్రైనింగులో పిల్లలకు చెప్పిన పాఠం కళ్ళ ముందు తిరిగింది. మనకూ రాముడు 'రాముని' అవుతాడు, సీత మాత్రం ఎవరికేమున్నా సీతగానే ఉంటుంది. ఈ పోలిక నేను చెప్పవలసింది. నోరు తెరిచేలోపు ఆయనే అన్నాడు. "మన దాంట్ల సీతకు ఏమున్నా పేరు మారది గదా సెల్లె. ఆళ్ళు నయం, ఆడిదానికి ఏమన్న ఉంటె పేరులనే తెలుస్తది."

నా చదువంతా ఆ గుమ్మం దగ్గర ఒలికిపోయినట్టైంది. "టీ చల్లారతాంది, తాగిపో," అన్నాను.

ఆ కోపంలోనే నేను చేయకూడని పని ఒకటి చేశాను. ఆయన పాపను ఒకసారి ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకురావడం చూశాను. గేటు నుంచి గుమ్మం దాకా, నాలుగడుగుల దూరం. మేడంతో చెప్పాను. నాలుగడుగులే అని చెప్పలేదు. మేడం ఆయన్ని హాల్లో నిలబెట్టి పది నిమిషాలు మాట్లాడింది. ఆయన తల ఊపి బయటికొచ్చి, "మాఫీ ముష్కిల్," అనుకుంటూ కారు తుడవడం మొదలుపెట్టాడు. ఎవరు చెప్పారో ఆయనకు తెలుసు. మర్నాడు పదింటికి టీకి వచ్చాడు, ఏమీ అడగలేదు. అడిగి ఉంటే నాకు తేలికయ్యేది.

పాపకు ఆరేళ్ళు నిండాక సార్ ప్రాజెక్టు అయిపోయింది. వాళ్ళు వెళ్ళిపోతున్నారు. మూడు నెలల ముందే తెలిసినా, నేను ఆ మూడు నెలలూ ఒక్కటే కోరుకున్నాను. వెళ్ళేలోపు ఆ పిల్ల నోట నేను తనదాన్నని ఒక్క మాట వినాలి. కన్నతల్లిని కాను, ఆ ఆశ లేదు. దందా అన్నా పర్వాలేదు, నా దందా అంటే చాలు. బొమ్మలకు, మేఘాలకు, ఆఖరికి కారుకు కూడా 'నాది' అని తగిలించే పిల్ల, నా విషయంలో ఒక్కసారి కూడా అనలేదు.

వెళ్ళే రోజు కారు నిండా సామాన్లు. నాకు చోటు లేదు. ఇల్లు కడిగి తాళాలు ఓనరు మనిషికి ఇవ్వాల్సింది కూడా నేనే. గేటు దగ్గర పాప నిద్రమొహంతో నా మెడ పట్టుకుంది, వదిలింది. విమానాశ్రయం దాకా ఆయన వెళ్ళాడు. ఆ ఆఖరి ప్రయాణం కూడా ఆయనకే దక్కింది. నేను బాత్రూములు కడిగాను.

మధ్యాహ్నానికి ఆయన తిరిగొచ్చాడు. చేతిలో మడిచిన కాగితం. "పాప దారిల గీసింది సెల్లె. నీకియ్యమన్నది. నాకొకటి ఇచ్చింది."

విప్పాను. పొడుగు జడ ఆడమనిషి, చేతిలో గిన్నె. కింద గ్రీకు అక్షరాలు. సీసాల మీద, సంచుల మీద నాలుగేళ్ళు చూసిన అక్షరాలు కాబట్టి అందులో పాప పేరుందని నాకూ తెలిసింది. దాని ముందు ఇంకేదో ముక్క ఉంది.

"ఏం రాసింది నా?"

ఆయన కాగితం తీసుకుని కాసేపు చూశాడు. గడ్డం లేపి గోడ వైపు చూశాడు. "గీసింది పరస్కెవి, అని రాసింది. పేరు వెట్టుకున్నది అంతే."

నా బొమ్మ గీసి, చేతిలో గిన్నె పెట్టి, కింద తన పేరు రాసుకుంది. నన్ను గురించి ఒక్క ముక్క లేదు. ఆయన తన కాగితం చూపించలేదు, నేను అడగలేదు. అందులో ఏం రాసి ఉంటుందో ఊహించుకుంటూ మిగిలిన చెత్త ఊడ్చాను. ఆయన వెళ్ళాక నా కాగితాన్ని ఉండ చుట్టి, ఆఖరి చెత్త సంచిలో వేసి మూతి కట్టేశాను. ఆ సంచిని నా చేతులతోనే వీధి డబ్బాలో పడేశాను.

ఆ తర్వాత ఎవరి దారి వారిది. నేను అల్ దోహా అల్ జదీదాలో ఒక కుటుంబానికి వంటకు కుదిరాను. ఆయన కూలీల బస్సు నడిపే డ్యూటీలో చేరి బర్వా అల్ బరాహాకు మారాడు. పండక్కి ఒక ఫోను, అంతే. పోయిన ఏడాది ఒక శుక్రవారం పొద్దున వచ్చాడు. కిడ్నీలు చెడ్డాయి, ఊరికి పోతున్నాడు. మా వీధి చివర కరక్ చాయ్ కొట్టు ముందు కూర్చున్నాం. మనిషి సగమయ్యాడు. చాయ్ చల్లారేదాకా తాగలేదు.

"సెల్లె, ఒకటి చెప్పిపోవాలె. నీకు అబద్ధం చెప్పిన."

"ఏం అబద్ధం?"

"పాప కాయితం. గీసింది పరస్కెవి అని లేదు దాంట్ల. ఇ దందా తిస్ పరస్కెవీస్. గది ఉన్నది."

నాకు ఒక్క క్షణం పట్టింది. ఆ గాలం గుర్తొచ్చింది. పరస్కెవి కాదు, పరస్కెవీస్. పరస్కెవి యొక్క దందా. పరస్కెవి ఆయా. నేను ఆ పిల్లదాన్నని ఆ పిల్లే రాసింది, దాని చేత్తో, షష్ఠీ విభక్తి వేసి రాసింది.

"ఎందుకు చెప్పినావు నా అట్ల?" గొంతు పైకి లేచింది. పక్క బల్ల వాళ్ళు చూశారు. "నేను మేడంకు చాడీలు చెప్పినాననా?"

"అది గాదు. అది నేను ఆ దినమే మర్సిన." జేబులోంచి బతాకా కవరు తీశాడు. అందులో కార్డు వెనక మడిచిన కాగితం. విప్పి నా ముందు పెట్టాడు. ఒక కారు, స్టీరింగు దగ్గర మీసాలున్న ముఖం. కింద చిన్న మాట. "నాకు రాసింది గిది. ఇ అన్నా. గంతే. అన్న. ఎవలకు అన్న? ఎవలకు గాదు. గాలం లేదు దాంట్ల. నీ దాంట్ల ఉన్నది." కాగితం మీద వేలు పెట్టి ఆ మాట చివరి ఖాళీ చూపించాడు. "నాకు ఓర్వరాలె సెల్లె. నేను నేర్చుకున్న అక్షరం, నీకు వెట్టింది."

ఇన్నేళ్ళు నేను ఆయన మీద కుళ్ళుకున్నాను. ఆయన నా మీద కుళ్ళుకున్నాడని ఆ పొద్దున తెలిసింది. జాలి పడాల్సిన చోట నాకు మొదట వచ్చింది సంతోషం. గెలిచాను. ఆ తర్వాత వచ్చింది కోపం. గెలిచిన కాగితాన్ని నేనే చెత్తలో వేసుకున్నాను, ఈ మనిషి చెప్పిన ఒక్క మాటకు.

"ఆ కాగితం పారేసినాను నా. ఆ పొద్దే."

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"పోనీ నువ్వు రాసియ్యి," అన్నాను. "అదే ముక్క, అట్నే రాసియ్యి." కొట్టువాడి దగ్గర పెన్ను తెచ్చిచ్చాను. ఆయన పెన్ను పట్టుకుని, పక్కన పెట్టాడు.

"నేను రాస్తె నా రాతయితది. పాపది ఎట్లయితది?"

నిజమే. అందుకే ఇంకా కోపమొచ్చింది. క్షమించానని చెప్పలేదు. బస్సు ఎక్కిస్తూ ఆరోగ్యం చూసుకో అన్నాను, అంతే. అదే ఆఖరి చూపు.

పోయాడని కబురొచ్చిన పదకొండో నాడు ఒక కొత్త నంబరు నుంచి ఫోను. ఆయన భార్య. ఎప్పుడూ మాట్లాడింది లేదు. కాసేపు ఏడ్చి, ఏడుపు ఆపి, గొంతు మార్చి అడిగింది.

"సెల్లె, నువ్వు ఖతర్‌ల ఆయనతోని ఒక్కతాన పనిజేసినవట గదా. నీకు ఎర్కుంటది. దాపెట్టకు. పరస్కెవి ఎవలు?"

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"దవాఖానల మూడొద్దులు గదే పేరు. నా పేరు ఒక్కపారి ఎత్తలె. పిల్లల పేరు ఎత్తలె. పరస్కెవి, పరస్కెవి. ఆడిదాని పేరే గదా అది? ఎన్నేండ్ల నుంచి ఉన్నది?"

"వదినా, అప్పుడు ఆరేళ్ళ పాప అది," అన్నాను. "మేము పనిచేసిన ఇంట్లో పాప. వాళ్ళ భాషలో ఆ మాటకు శుక్రవారం అని అర్థం." అన్నీ చెప్పాను. స్కూలు, కారు, కళ్ళ మీద చేతులు. ఆమె ఒక్కసారిగా ఏడ్చింది, ఈసారి వేరే ఏడుపు.

"శుక్రారమా. పదొద్దుల సంది ఆ శుక్రారానికి మన్ను వోస్తున్న నేను. పీనుగ మీద వడి ఏడ్వ గూడ మనసు రాలె."

ఓదార్చాల్సిన చోటు అది. ఓదార్చే మాటలు నాకు రావని కాదు. కాని నోట్లోంచి వేరే ప్రశ్న వచ్చింది.

"వదినా, సరిగ్గా గుర్తు తెచ్చుకుని చెప్పు. పరస్కెవి అన్నాడా, పరస్కెవీస్ అన్నాడా? చివర స్ ఉండిందా?"

"గదేంది?"

"ఉండిందా లేదా చెప్పు."

ఆమె ఆలోచించింది. "లేదు. ఉత్త పరస్కెవే."

ఊపిరి పీల్చుకున్నాను. ఆయన చివరి మూడు రోజుల్లో కూడా ఆ గాలం ఆయనకు దక్కలేదు. ఇంత నీచమైన సంతోషం నాకు జీవితంలో ఇంకోసారి రాకూడదు. అది కూడా ఎక్కువసేపు నిలవలేదు, ఎందుకంటే ఆమె ఇంకా మాట్లాడుతోంది.

"ఏదో యాది జేసుకున్నట్టు గాదు సెల్లె, పిలుస్తుండె. మంచం కాడ ఆమె నిలవడ్డట్టె పిలుస్తుండె. పిలిచి ఆగుతుండె. ఇని నవ్వుతుండె. మల్ల పిలుస్తుండె."

పిలిచేటప్పుడు ఆడవాళ్ళ పేరు మారదు. ఆయనే చెప్పాడు. పిలవడానికి మనిషి ఎదురుగా ఉండాలి, ఏ గాలమూ అక్కర్లేదు. నన్ను తనదాన్ని చేసుకుని రాసిన పిల్ల, నాకు ఇన్నేళ్ళలో ఒక్క కలలో కూడా కనిపించలేదు. ఆయన దగ్గరికి వచ్చింది, మూడు రోజులు ఉంది. ఆ దవాఖాన మంచం మీద ఆయన బదులు నేనున్నా బాగుండుననిపించేంత అసూయ పుట్టింది.

"పిలిస్తే అది ఏమని పలికింది వదినా?" అన్నాను.

"నాకెట్ల ఇనవడ్తది సెల్లె," అంది ఆమె. "పిలిచింది ఆయన గదా."